నాలుగో అంచు

పొద్దు నడినెత్తికి వచ్చినా ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

పడసాల నిండా బొంత పరిచి ఉంది. మూడు అంచులు విప్పి, పై పొరలు వెనక్కి మడిచి ఉన్నాయి. ఆ పొరల మధ్యలోంచి ఒక ఎర్ర చీర బయటికి కనిపిస్తోంది. పసుపు అంచు, అంచు పొడవునా చిన్న చిన్న గోపురాలు. హొసకోట మగ్గం మీద ముత్యాలమ్మ తల్లికని మొక్కుకుని నేయించిన చీర అది. ఆ చీరను నాగక్క దొంగిలించి పుట్టింటికి చేరవేసిందని ఊరు ఊరంతా నమ్మింది. ఆ నాగక్కే నిన్న సాయంత్రం ఈ బొంత విప్పి, దాన్ని లోపల చూసింది.

బొంత ఆమెది కాదు, ఆడబిడ్డ వెంకటక్కది. పాతబడిందని, ఇంకో రెండు చీరలు వేసి గట్టిగా కుట్టమని నాగలమడిక నుంచి పంపించింది. మొదట దాన్ని కుట్టింది అత్త రంగక్క, నాగక్క ఈ ఇంటికి కొత్తగా వచ్చిన ఏడు.

చుట్టుపక్కల ఊళ్లలో బొంత కావాలంటే నాగక్క దగ్గరికే వస్తారు. చిరిగిన చీరలు, మాసిన పంచెలు మూటగట్టి తెచ్చి ఆమె గుమ్మంలో పెట్టి పోతారు. దొంగ అన్న నోటితోనే, మా చీరలు జాగ్రత్తమ్మా అని కూడా అంటారు. దొంగ చేతికి బట్టలు ఇవ్వడానికి మాత్రం ఊళ్లో ఎవరికీ భయం లేదు.

చిన్నరంగప్ప పొద్దుటి నుంచి రెండుసార్లు వంటింట్లోకి వెళ్లి వచ్చాడు. ఆయన ఆమె మొగుడు, ఆ ఇంటికి యజమాని. ఉప్పు జాడీ ఎక్కడుందో ఆయనకు తెలియదు. అటక మీది మూటల్లో విత్తనం ఏదో పాత గుడ్డలు ఏవో తెలియదు. ఆ ఇంట్లో చెంచాకు కూడా ఒక చోటు ఉంది, ఆ చోటు నాగక్కకే తెలుసు. ఉప్పు ఎక్కడుందో తెలియని ఇంటికి, చీర ఎక్కడికి పోయిందో మాత్రం ఆ రోజు ఇట్టే తెలిసిపోయింది.

రెండోసారి కూడా ఉత్త చేతులతో బయటికి వచ్చి, ఆయన గోడవారగా తన సంచుల దగ్గర కూర్చున్నాడు. ఈ ఏడు నాలుగు వానలు పడి శెనక్కాయ ఇంటికి వచ్చింది. మండీకి పోవాల్సిన సంచులకు దబ్బనంతో మూతులు కుడుతున్నాడు. ఆయన కుట్టు ఆయనదే. మూడు కుట్లకు ఒక ముడి, ఆ ముడి మీద మళ్లీ ముడి. మండీలో హమాలీలు దూరం నుంచే గుర్తుపట్టి, "చిన్నరంగప్ప సంచి వచ్చినాది, కొడవలి తీసుకోని రాప్పా" అని ఎకసెక్కాలు ఆడతారు. ఒక్క గింజ జారిపోకూడదని ఆయన భయం. గింజ విషయంలో అంత జాగ్రత్త గల మనిషి.

నాగలమడిక బస్సు దిగి వెంకటక్క వచ్చింది. గడప దాటి అడుగు వేయబోయి, కింద పరిచిన బొంతను చూసి ఆగిపోయింది. పరిచిన బొంతను తొక్కకూడదు. గోడకు వీపు ఆనించి, పక్కపక్కగా నడిచి, తల్లి రంగక్క కూర్చున్న వైపుకు చేరుకుంది.

"చీర దొరికినాదని కబురు వస్తే నిజమో కాదో అనుకుంటి," అంది. "ఏంది నాగా ఇది? చూసినావు, సరే. చూసి మూసెయ్యల్ల గదా. ఆడమనిషి అన్నంక కొన్ని కడుపులో పెట్టుకోవల్ల."

"పెట్టుకోనే ఉండా వదినా ఇన్నేళ్లూ," అంది నాగక్క. "మీ అందరి మాటలూ పెట్టుకోని ఉండా. ఇంగ చోటు లేదు."

"నేనేం అన్నానే నిన్ను? ఒక్క పొద్దయినా దొంగ అన్నానా?"

"అనలేదు. దొంగ కాదు అని కూడా అనలేదు."

వెంకటక్క తల్లి వైపు చూసింది. రంగక్క గోడకు ఆనుకుని, మోకాళ్లు దగ్గరకు ముడుచుకుని కూర్చుంది. చూపు తగ్గింది కానీ చెవులు బాగానే పనిచేస్తాయి. నిన్న సాయంత్రం నుంచి ఆమె నోట ఒకే మాట వస్తోంది.

"పొట్ట విప్పిన బొంత, దీపం పెట్టే పొద్దుకి మూసెయ్యల్ల," అంది మళ్లీ. "నువ్వే గదా నాగీ ఊరందరికీ చెప్పేది. విప్పి పెడితే ఇంట్లో ఉండేది బయటికి పోతాది అని."

"పోనీ అత్తా. పోవల్లనే విప్పినా."

"మూడు పక్కలు విప్పినావు. చాలు. ఆ పక్క ఉండనీ. అట్లనే మడిచి కుట్టెయ్."

నాలుగో అంచు ఇంకా పై గలేబు కిందే ఉంది. వెంకటక్క అత్తగారింట్లో దాని మీద ఒక నీలం చీర గలేబుగా కుట్టుకుంది. నాగక్క ఆ గలేబును మూడు వైపులే విప్పింది. ఎర్ర చీర కనిపించగానే అక్కడితో ఆపేసింది.

ఆ చీర కథ ఊరికంతా తెలిసిందే, ఒక్క ముక్క తప్ప. ముత్యాలమ్మ చీర పెట్టె తరతరాలుగా రంగక్క ఇంట్లో ఉండేది. జాతర నాడు పెట్టె తీసి, చీర తల్లికి కట్టి, మళ్లీ మడిచి పెట్టెలో పెట్టేవాళ్లు. ఆ కరువు ఏడు అందరి ముందూ పెట్టె తెరిస్తే అందులో వేపాకు తప్ప ఏమీ లేదు. రంగక్క అప్పుడు అన్నది ఒక్క మాటే. "మా కొత్త కోడలు మొన్న మూట గట్టుకోని పుట్టింటికి పోయి వచ్చినాది" అంది. మిగతాది ఊరు కుట్టుకుంది.

పెట్టెను ఊళ్లో ఇంకో ఇంటికి, కొల్లప్ప ఇంటికి, మార్చారు. జాతరలో ఆడవాళ్లంతా తంబిట్టు పిండి దీపాల ఆరతులు నెత్తిన పెట్టుకుని వరసగా నడుస్తుంటే, నాగక్క వీధి అరుగు పక్కన నిలబడి చూడాలని తీర్పు అయింది. ఆ ఏడు వాన రాలేదు. మరుసటి ఏడూ రాలేదు. చీర పోయింది కాబట్టి తల్లి అలిగిందన్నారు. అప్పటి నుంచి శెనక్కాయ ఎండిపోయిన ప్రతి ఏడూ ఊరి కళ్లు ఒకసారి నాగక్క వైపు తిరిగేవి. వాన రాకపోతే నాగక్క పాపం, వస్తే అమ్మవారి దయ. పావగడ సీమలో వాన రాని ఏళ్లే ఎక్కువ కాబట్టి ఆమె పాపానికి కొదవ లేకపోయింది.

"ఎల్లుండి జాతర," అంది నాగక్క. "ఈ చీర ఈ బొంతలో దొరికినాదని ఆడ అందరి ముందరా చెప్పల్ల. అత్త చెప్పల్ల. నా పేరు యాడ పోయినాదో ఆడనే తిరిగి రావల్ల. నేను అడిగేది అంతే."

"అంతే అంట," అంది వెంకటక్క. ఆమె గొంతు పైకి లేచింది. "నా బిడ్డ సంగతి ఏంది? తల్లి కట్టుకునే చీరను నా ముత్యాలు కింద వేసినారని తెలిస్తే ఊరు ఊరుకుంటాదా? ఉచ్చ పోసిన బిడ్డ కింద అమ్మవారి చీర. రేపటి నుంచి వాన రాకుంటే ఎవురిని అంటారు? నా బిడ్డనే గదా."

 ముత్యాలు నాగక్క చేతుల మీద పెరిగిన పిల్ల. నాగలమడిక నుంచి సెలవులకు వస్తే అత్తా అత్తా అని కొంగు పట్టుకుని తిరిగేది. ఊరుబిండి పచ్చడి నూరితే రోటి దగ్గరే కూర్చుని నాకేది. ఆ పిల్లను తలుచుకుంటే నాగక్కకు నిన్నటి నుంచి నిద్ర లేదు. అయినా, బిడ్డను అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్న ఈ తల్లిని చూస్తే ఒళ్లు మండిపోయింది.

"అంటే ఎవురో ఒకరిని అనల్ల. నీ బిడ్డని అనకూడదు, నన్ను అనొచ్చు," అంది. "నన్ను కన్నోళ్లు లేరా వదినా? మా నాయన ఆ పొద్దు ఈ ఊరికి వచ్చి, కర్పూరం ఆర్పి ప్రమాణం చేసి చెప్పినాడు, నా బిడ్డ దొంగ కాదు అని. అందరూ నవ్వి పంపించినారు. మళ్లా ఈ గడప తొక్కలేదు. తొక్కకుండానే సచ్చిపోయినాడు. ఆయన బిడ్డ బిడ్డ కాదా?"

వెంకటక్క చూపు దించుకుంది. సంచి మూతి మీద దబ్బనం ఒక్కసారి ఆగి, మళ్లీ కదిలింది.

"అత్తా," అంది నాగక్క. "నువ్వు చెప్పు. ఏటికి పెట్టినావు ఇందులో?"

 బయట కోడి ఒకటి ఎండిన శెనక్కాయ కట్టెను కెలుకుతోంది. చివరికి రంగక్క కొంగుతో మూతి తుడుచుకుంది.

"వెంకటికి ముందు పుట్టిన బిడ్డలు ఇద్దరు పోయినారు," అంది. "ఇద్దరూ అమ్మవారు పోసే పోయినారు. ఒళ్లంతా ఎర్రగా లేచి. మూడోది ముత్యాలు. దానికీ లేచినాది. బరగాలం, కరువు పనికి పోయి రాళ్లు మోసొచ్చి, గంజి తాగే కాలం అది. ఇంట్లో మెత్తని గుడ్డ లేదు. బిడ్డ ఒళ్లు మాడిపోతా ఉండాది. తల్లి పోసిన మంట తల్లి చీరే ఆర్పల్ల అనుకుంటి. పెట్టె తీసినా. బొంతలో పెట్టి కుట్టినా. బిడ్డ లేచి కూర్చున్నాది."

"సరే. బిడ్డ బతికినాది. మంచిదే. అప్పుడు తీసి పెట్టెలో పెట్టల్ల గదా."

"తీస్తే బిడ్డ పోతాదేమో అని భయం."

ఆ మాట నాగక్కకు అర్థమైంది. ఆమె కూడా తల్లే. కొడుకు పావగడ హాస్టల్లో ఉంటాడు, వాడికి దగ్గు వచ్చిందంటే ఇక్కడ ఈమెకు సంగటి దిగదు. ఆ ముసలిదాని స్థానంలో తనుంటే తనూ పెట్టె తీసేదేమో. అందుకే ఆమెకు ఇంకా కోపం వచ్చింది. అర్థమయ్యే పనిని ఇన్నేళ్లు దాచి, అర్థం కాని పాపాన్ని తన నెత్తిన ఎందుకు పెట్టారు?

"తల్లి చీర తల్లి బిడ్డకే కప్పినా అని ఆ పొద్దే చెప్పింటే ఊరు నిన్నేం చేసేది? మహా అంటే ఒక కోడిని కోయించేది. నా పేరు ఏటికి చెప్పినావు?"

"నీ పేరు చెప్పలేదు. పుట్టింటికి పోయినావు అన్నా."

"అత్తా."

రంగక్క కళ్లు మూసుకుంది. "నువ్వు కొత్తదానివి," అంది మెల్లగా. "అప్పటికి మాదానివి కాదు."

ఈ మాట విన్నాక నాగక్క ఏడుస్తుందని వెంకటక్క అనుకుంది. నాగక్క ఏడవలేదు. ఒళ్లో ఉన్న సూదిని తీసి, జాకెట్టు భుజానికి గుచ్చుకుంది. ఈ ఇంటి చిరుగులన్నీ ఆమె ఆ సూదితోనే కుట్టింది. ఈ ముసలిదానికి చలి వేస్తే మూడు పొరల బొంత కుట్టి, మెత్తగా ఉండాలని తన పెళ్లి చీరను పైపొరగా వేసింది. ఆ బొంత ఇప్పుడు రంగక్క వీపు వెనకే మడిచి ఉంది. మాదానివి కాదన్న మాట ఆ బొంతకు ఆనుకునే చెప్పింది.

వాకిట్లో దగ్గు వినిపించింది. చేతికర్రతో పెద్దతిమ్మప్ప వచ్చాడు. చిన్నరంగప్ప తండ్రికి అన్న, ఊరికి పెద్ద. ఆ రోజు తీర్పు చెప్పిన నోరు ఆయనదే. వెంకటక్క బస్సు దిగి వస్తూ ఆయన ఇంటికి పోయి చెప్పి వచ్చిందని ఇప్పుడు తెలిసింది. ఆయన కూడా బొంతను చూసి గడప దగ్గరే ఆగిపోయాడు. ఎర్ర చీరను చూసి చెయ్యెత్తి దండం పెట్టుకున్నాడు.

"అమ్మా నాగమ్మా," అన్నాడు. "జరిగింది జరిగినాది. ముసలిది, ఈ పొద్దో రేపో అన్నట్లుండాది. దాన్ని పదిమందిలో నిలబెట్టి ఏం సాధిస్తావు? నేనొక మాట చెప్తా, విను. బొంత మూసెయ్. ఎల్లుండి నువ్వు కూడా ఆరతి ఎత్తుకో. ఎవురూ అడ్డం చెప్పరు. పాత తప్పు మన్నించినాము అని నేను చెప్తా."

"ఏం తప్పు పెద్దమామా?"

"అదే. అప్పటిది."

"అప్పటి తప్పు ఎవురిది?"

పెద్దతిమ్మప్ప చేతికర్రను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"తప్పు చేసినోళ్లని మన్నిస్తారు," అంది నాగక్క. "నన్ను మన్నించేదానికి నేనేం చేసినా? మన్నించినాము అంటే నేను దొంగనే, మీరు మంచోళ్లు అని గదా. ఇన్నేళ్లు అరుగు పక్కన నిలబెట్టి, ఇప్పుడు దయ చూపించి వరసలోకి పిలుస్తారా? ఆ ఆరతి నాకొద్దు. నా నెత్తికి అంత బరువు తెల్దు."

"గట్టిగా మాట్లాడద్దు, ఇరుగుపొరుగు వింటారు," అంది వెంకటక్క.

"విననీ. అప్పుడు వినల్లని గదా పెట్టె అందరి ముందరా తీసినారు."

"నాగమ్మా, ఊరు పరువు కూడా చూడల్ల," అన్నాడు పెద్దతిమ్మప్ప. "నేను తీర్పు చెప్పినా. ఆ తీర్పు తప్పంటే రేపు నా మాట ఎవురు వింటారు?"

"తీర్పు చెప్పే ముందర ఈ ఇల్లు వెదికినావా పెద్దమామా? ఒక మూట విప్పించినావా? కొత్త పిల్ల కదా, నోరు లేదు కదా, దానిమీద పెట్టేస్తే సరిపోతాదని అనుకున్నావు. నీ మాట పోతాదని ఇప్పుడు భయం. నా మాట అప్పుడే పోయినాది."

ఆయనకు ఈ ఊళ్లో ఎవరూ ఇలా బదులు చెప్పి ఎరగరు. ఎర్రబడిన ముఖాన్ని తుండుతో తుడుచుకుని చిన్నరంగప్ప వైపు తిరిగాడు.

"ఏం రంగా, నీ పెండ్లాం మాటలు విన్నావా? నువ్వు ఒక్క మాట చెప్పవా?"

అందరూ ఆయన వైపు చూశారు. నాగక్క చూడలేదు. ఆయన మౌనం ఆమెకు అలవాటే. తీర్పు నాడూ ఆయన ఇలాగే గోడవారగా కూర్చున్నాడు. తన నాయన వచ్చి కర్పూరం ఆర్పిన నాడూ ఇలాగే, తల వంచుకుని. ఆయన నోరు విప్పుతాడని ఆశపడి ఆశపడి, ఎప్పుడో ఒక ఏడు ఆమె ఆ ఆశను కూడా పాతగుడ్డల్లో పడేసింది.

చిన్నరంగప్ప దబ్బనాన్ని సంచికి గుచ్చి, చేతులు దులుపుకున్నాడు.

"నాగక్క చెప్పేది న్యాయమే," అన్నాడు.

వెంకటక్క నోరు తెరిచింది. రంగక్క కళ్లు తెరిచింది.

"ఏంది రంగా?" అన్నాడు పెద్దతిమ్మప్ప.

"న్యాయమే పెద్దనాయనా. ఆమె తీయలేదు గదా. తీయలేదని ఇప్పుడు తెలిసినాది గదా. అమ్మ ఎల్లుండి చెప్తాది. అమ్మకి చేతకాకుంటే నేను చెప్తా." కొంచెం ఆగి, నాగక్క వైపు చూసి, "నాకి ఆ పొద్దే తెలిసింటే ఊరుకునేవాణ్ణా?" అన్నాడు.

నాగక్క అప్పుడు తలెత్తి ఆయన్ను చూసింది. ఇప్పటిదాకా రాని ఏడుపు ఈ ఒక్క మాటకు వచ్చేట్టుంది. ఇన్నేళ్ల కాపురంలో పదిమంది ముందు ఆయన తన పక్కన నిలబడటం ఇదే మొదటిసారి. ఇంత చిన్న మాట కోసమా తను ఇన్నేళ్లు ఎండిపోయింది అనిపించి, తన మీద తనకే జాలి వేసింది. కోపమంతా ఒక్కసారిగా సగానికి దిగింది. ఆయనకు పొద్దుటి నుంచి సంగటి లేదని కూడా అప్పుడే గుర్తొచ్చింది.

"సరే," అంది లేస్తూ. "మీరిద్దరూ చెప్తే నేనేం మాట్లాడను. ముత్యాలు పేరు రాకుండానే చెప్పండి, బిడ్డకి మొక్కుకొని కప్పినాము అని చెప్పండి. పెద్దమామా, కూర్చో. నీళ్లు పెడతా. ఈ చీర మాత్రం బయటికి తీసేస్తా. చినగకుండా తీసి, ఉతికి, ఎల్లుండికి మడిచి పెడతా. తల్లి చీర తల్లికి పోనీ."

"నాగీ," అంది రంగక్క. "ఆ పక్క విప్పద్దు."

"విప్పకుంటే చీర యట్ల వస్తాది అత్తా? నాలుగు పక్కలూ కలిపి గదా కుట్టినావు."

"కత్తిరించు. ఆ పక్క అట్లనే పెట్టి, మిగిలింది కత్తిరించి తీసుకో."

అమ్మవారి చీరను కత్తిరించమంటున్న అత్తను నాగక్క వింతగా చూసింది. ముసలిదానికి మతి చలించిందేమో అనుకుంది. మోకాళ్ల మీద కూర్చుని, నాలుగో వైపు గలేబును పట్టుకుని సూదిమొనతో దారం లేపింది. నీలం చీర కుట్లు టకటకా ఊడి వచ్చాయి. లోపలి పాత అంచు బయటపడింది.

మొదట ఆమె చెయ్యి మూలకు పోయింది. అలవాటు. బొంత కుట్టడం ఎప్పుడూ చివరి మూలతో ముగుస్తుంది, ఆ మూలలో చిటికెడు రాగులు వేసి మూస్తారు. బొంత ఆకలితో ఉండకూడదు, దాన్ని కప్పుకున్న వాళ్లు ఆకలితో పడుకోకూడదు. నాగక్కకు ఆ పద్ధతి నేర్పింది రంగక్కే. ఎంత కరువులోనైనా ఆమె ఆ చిటికెడు మానలేదు.

మూలను వేళ్లతో నలిపి చూసింది. ఉత్త గుడ్డ. ఒక్క గింజ తగల్లేదు.

"అత్తా, మూలలో రాగులు వెయ్యలేదే," అంది.

రంగక్క ముఖం గోడ వైపు తిప్పుకుంది.

నాగక్క ఆ అంచును వెలుగులోకి తిప్పింది. మిగతా మూడు వైపులా రంగక్క కుట్టు, చీర అంచుల్లోంచి లాగిన సన్నని నూలు, చీమల బారు మాదిరి దగ్గర దగ్గరగా. ఈ వైపు కుట్టు అది కాదు. మొద్దు కుట్లు. ఎడంఎడంగా, లోతుగా. నూలు కాదు, గోనె దారం. గోనె దారంతో బొంత ఎవరూ కుట్టరు. మూడు కుట్లకు ఒక ముడి. ఆ ముడి మీద మళ్లీ ముడి.

ఆమె వేలు ఒక ముడి మీద ఆగింది. దాని తర్వాతి ముడి మీదికి పోయింది. దాని తర్వాతి దాని మీదికి.

 వాకిట్లో కోడి ఎటో వెళ్లిపోయింది.

నాగక్క లేచి నిలబడింది. గోడ దగ్గరికి వెళ్లి, అప్పుడే మూతి కుట్టిన శెనక్కాయ సంచిని రెండు చేతులతో పట్టుకుంది. బరువైన సంచి. ఎవరూ సాయం రాలేదు. దాన్ని నేల మీద ఈడ్చుకుంటూ తెచ్చి, పరిచిన బొంత పక్కన పడేసింది. సంచి మూతిని బొంత అంచు పక్కన ఆనించింది. గోనె దారం పక్కన గోనె దారం. ముడి పక్కన ముడి.

గడప దగ్గర నుంచి పెద్దతిమ్మప్ప మెడ చాచి చూశాడు. ఆయన కూడా శెనక్కాయ పండించేవాడే. ఎవరూ ఆయనకు వివరించి చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఇదో," అంది నాగక్క. ఆమె గొంతులో ఇప్పుడు అరుపు లేదు. "ఈ పక్క ఎవురు కుట్టినారు?"

చిన్నరంగప్ప చేతులు ఒళ్లో ఉన్నాయి. దబ్బనం ఇంకో సంచికి గుచ్చి ఉంది, దారం వేలాడుతోంది.

"వాణ్ణి ఏమీ అనద్దు నాగీ," అంది రంగక్క. "నువ్వు పుట్టింట్లో ఉంటివి. నాకి ఆ పొద్దు జరం వచ్చి పడిపోతి. బిడ్డకి కప్పల్ల, ఒక పక్క మిగిలిపోయినాది. నేనే కుట్టమన్నా. ఎవురితోనూ చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకుంటి."

"నిన్ను అడగలేదు అత్తా."

"నాగా," అన్నాడు చిన్నరంగప్ప. "అమ్మ ఒట్టు..."

"నాకి తాళి కట్టేటప్పుడు వేసింది ఏంది?"

ఆయన వేలాడుతున్న దారాన్ని వేలికి చుట్టుకున్నాడు. ఇందాక పదిమందిలో తన పక్కన నిలబడ్డ మాట నాగక్క చెవుల్లో ఇంకా తిరుగుతోంది. ఆ పొద్దే తెలిసింటే ఊరుకునేవాణ్ణా. అత్త అబద్ధం ఆడింది భయంతో. ఊరు నమ్మింది అలవాటుతో. ఈయన ఆ చీర లోపల ఉందని తెలిసే, తన చేతుల్తో అంచు మూసి, ముడి మీద ముడి వేసి, మరుసటి నెల నాగక్క నాయన కర్పూరం ఆర్పుతుంటే పక్కన కూర్చుని చూశాడు. ఇంటికి వచ్చి ఆమె వండిన సంగటి తిన్నాడు. ఆ రాత్రి ఆమె ఏడుస్తుంటే ఊరుకోమని వీపు నిమిరింది కూడా ఈ చెయ్యే.

నాగక్క వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి వెలిగిస్తుందేమోనని వెంకటక్క ఆశగా చూసింది. ఆమె ఉప్పు జాడీ తెచ్చి గడప పక్కన పెట్టింది. రాగిపిండి డబ్బా తెచ్చి దాని పక్కన పెట్టింది. చింతపండు, ఎండుమిరపకాయలు, అగ్గిపెట్టె. ఒక్కొక్కటిగా, అందరికీ కనిపించేట్టు.

"ఇంగ ఏది యాడుండాదో మీకి నేను చెప్పే పని లేదు," అంది. "వెతుక్కునే పని మీకి రాకూడదు."

"యాడికి పోతావే?" అంది వెంకటక్క భయంగా.

"యాడికీ పోను. పుట్టింటికి మూట గట్టుకోని పోయినాది అని మళ్లా అంటారు." నాగక్క తిరిగి బొంత దగ్గర కూర్చుంది. "ఈడనే ఉంటా. ఈ అంచు విప్పను. చీర తీయను. బొంత ఇట్లనే పోతాది తల్లి దగ్గరికి, ఈ ముడులతోనే. అత్త చెప్పే పని లేదు. ముసలిది, ఇంట్లోనే ఉండనీ."

ఆమె మొగుడి వైపు తిరిగింది.

"ఎల్లుండి నువ్వు దీన్ని నెత్తిన పెట్టుకోని నడువు. ఆరతుల వరస ముందర. ఆడ దించి, ఆ కుట్టు ఎవురిదో నీ నోటితో చెప్పు. నేను అరుగు పక్కనే నిలబడి ఉంటా, నాకి అలవాటే. చెప్పేదానికి నోరు రాకుంటే ఈ ఇంట్లో నా చేతి సంగటి నీకి లేదు, నాకి నీ పేరూ వద్దు."

చిన్నరంగప్ప లేచాడు. బొంతను తొక్కకుండా బయటికి పోవాలంటే గోడవారగానే దారి ఉంది. ఆయన గోడ పట్టుకుని గడప దాకా వెళ్లాడు. అక్కడ పెద్దతిమ్మప్ప నిలబడి ఉన్నాడు. పక్కకు జరిగి దారి ఇస్తాడని చిన్నరంగప్ప కాసేపు చూశాడు.

పెద్దతిమ్మప్ప జరగలేదు. చేతికర్రను గడపకు అడ్డంగా ఆనించాడు.

"ఏమప్పా రంగా," అన్నాడు. "నీ పెండ్లాం అడిగినాది. జవాబు చెప్పి పో."